ప్లాస్టిక్ గడ్డి మీద మంచు ముత్యాలు

చలికాలం పొద్దున్నే గడ్డిపరక కొసన నీటిబొట్టు మెరుస్తూ ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ బొట్టు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే చాలామంది "గడ్డిలోంచి ఊరింది" అంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. వేళ్లు పీల్చుకున్న నీరు ఎక్కువైనప్పుడు ఆకుల అంచుల్లోంచి బొట్లుబొట్లుగా బయటికి రావటం ఉంది. దానిని వృక్షశాస్త్రంలో బిందుస్రావం అంటారు.

కాని డిసెంబరు నెలలో ఒకరోజు తెల్లవారుజామున హనుమకొండలో ఏదైనా 'టర్ఫ్' దగ్గరికి వెళ్లి చూడండి. చుట్టూ నైలాను వల, నేలంతా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, కుర్రవాళ్లు గంటల లెక్కన డబ్బు కట్టి బాక్స్ క్రికెట్ ఆడే చోటు. ఆ గడ్డికి వేరు లేదు, ప్రాణం లేదు, ముందురోజు ఎవరూ నీళ్లు పోయలేదు. అయినా చేత్తో నిమిరితే అరచెయ్యి తడిసిపోతుంది! మరి ఈ నీరెక్కడిది?

ఇది వట్టి కుతూహలం కోసం వేసిన ప్రశ్న కాదు. ఆ తడి మీద పరుగుపెట్టి, మలుపు తిరగబోయి, కాలు జారి చీలమండ బెణికించుకుంటే నెలరోజులు బడికి కుంటుకుంటూ పోవాలి. ఇప్పుడు కొందరు ఇంటి పెరట్లోనూ, మేడమీదా కూడా ఈ గడ్డి పరిపించుకుంటున్నారు. పరిచేటప్పుడూ, ఆ తరువాత చలికాలంలోనూ ఏం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో తెలియాలంటే ముందు ఈ గడ్డి సంగతి కొంచెం తెలుసుకోవాలి.

గడ్డి చచ్చిపోయిన స్టేడియం

అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1965లో ఆస్ట్రోడోమ్ అనే పెద్ద ఆటస్థలం తెరిచారు. దాని విశేషం ఏమిటంటే, మొత్తం మైదానానికి కప్పు ఉంది. లోపల నిజమైన గడ్డి పెంచారు. గడ్డికి ఎండ కావాలి కదా! అందుకని కప్పుకు కాంతి చొరబడే పలకలు అమర్చారు. అంతా బాగానే ఉందనుకున్నారు. తీరా బేస్‌బాల్ ఆట మొదలయ్యాక, పైకి లేచిన బంతి ఆటగాళ్లకు కనిపించటం మానేసింది. పలకల మిరుమిట్లలో కళ్లు చెదిరిపోయేవి. సరేనని పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది గాని, ఎండ చాలక గడ్డి చచ్చిపోయింది. ఆ ఏడాది చివరికి ఎండిన నేలకు ఆకుపచ్చ రంగు కొట్టి ఆటలు నడిపించారట!

అప్పటికి మోన్‌శాంటో అనే రసాయనాల కంపెనీ నైలానుతో ఒక రకం గడ్డి తివాచీ తయారుచేసి ఉంది. 1964లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక పాఠశాలలో దానిని పరిచారు కూడా. 1966లో అదే తివాచీని ఆస్ట్రోడోమ్‌లో పరిచారు. ఆ స్టేడియం పేరుమీదనే దానికి 'ఆస్ట్రోటర్ఫ్' అనే పేరు స్థిరపడింది. అంటే ఈ గడ్డి పుట్టింది నిజమైన గడ్డి బతకని చోటు కోసం. ఈ మాట గుర్తుంచుకోండి. ఇంట్లో పరుచుకోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు పనికివస్తుంది.

మన దేశానికి దీని దెబ్బ హాకీలో తగిలింది. 1975లో కౌలాలంపూర్‌లో పచ్చికమీద ఆడి ప్రపంచ కప్పు గెలుచుకున్న మనవాళ్లు, మరుసటి సంవత్సరం మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానానికి పడిపోయారు. ఒలింపిక్ హాకీని కృత్రిమ పచ్చికమీద ఆడించటం అదే మొదలు. ఓటమికి అదొక్కటే కారణమని చెప్పలేం గాని, బంతి వేగం, పరుగు తీరు, కాళ్లమీద పడే భారం అన్నీ మారిపోయాయన్నది నిజం. 1980లో మాస్కోలో మళ్లీ బంగారు పతకం వచ్చింది.

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని పరుగుబాట కూడా కృత్రిమమైనదే. అయితే అది గడ్డి కాదు, రబ్బరులా సాగే పాలీయూరిథేన్ పొర. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల దూరాన్ని 4 నిమిషాల 5.39 సెకండ్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేర ఉన్న జాతీయ రికార్డును ఆ బాటమీదనే బద్దలుకొట్టింది.

పాలపాకెట్ల చుట్టం

ఈనాటి ఆటస్థలాల గడ్డి ఎక్కువగా నైలాను కాదు, పాలిథీన్. మీ ఇంటికి పాలు వచ్చే పాకెట్టు ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే. పాలిథీన్ గుళికలను కరిగించి, ఆకుపచ్చ రంగూ, ఎండకు తొందరగా చెడకుండా కాపాడే రసాయనాలూ కలిపి, సన్నటి చీలికల్లోంచి నెట్టి పోగులుగా లాగుతారు. మన జంతికల గొట్టం పనిచేసే తీరే! ఆ పోగులను సూదుల యంత్రంతో ఒక గట్టి నేతబట్టలో గుచ్చి, వెనకవైపు రబ్బరు పాలవంటి జిగురు పట్టిస్తారు. నీరు దిగిపోవటానికి అక్కడక్కడా చిల్లులు పెడతారు. అలా తయారైన తివాచీని రెండు మీటర్లు, నాలుగు మీటర్లు వెడల్పుగల చుట్టలుగా అమ్ముతారు.

బాక్స్ క్రికెట్‌కూ, ఫుట్‌బాల్‌కూ వాడే గడ్డి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తుంటుంది. టెన్నిస్‌కు వాడేది అంతకంటె చాలా పొట్టి. పొడుగుగడ్డి తనంతట తాను నిటారుగా నిలబడలేదు, వాలిపోతుంది. అందుకని పోగుల మధ్య ఇసుక నింపుతారు. ఇసుక చేసే పని అదొక్కటే కాదు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

నీరు గాలిలోది

ఇక మంచు సంగతి. గాలిలో ఎప్పుడూ కొంత నీటియావిరి ఉంటుంది. గాలి చల్లబడినకొద్దీ అది పట్టి ఉంచగల ఆవిరి తగ్గిపోతుంది. ఒక హద్దు దాటి చల్లబడితే మిగులు ఆవిరి నీరుగా మారి, దగ్గరలో ఉన్న చల్లని వస్తువుమీద చేరుతుంది. ఐసు వేసిన గ్లాసు బయట చెమర్చటం దీనివల్లనే. ఈ హద్దును తుషారస్థానం అంటారు.

బాగానే ఉంది. కాని ఐసు లేకుండా గడ్డిపోగు గాలికంటె చల్లగా ఎట్లా అవుతుంది? చుట్టూ ఉన్న గాలి 16 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే పోగు కూడా 16 డిగ్రీలే ఉండాలి కదా!

ఇక్కడే ఉంది కిటుకు. ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనిపించని కిరణాల రూపంలో నిరంతరం బయటికి పంపుతూనే ఉంటుంది. దీనిని ఉష్ణవికిరణం అంటారు. పగలైతే సూర్యుడు అంతకంటె ఎక్కువే ఇస్తాడు గనుక నష్టం తెలియదు. మబ్బు లేని రాత్రి ఆకాశంలోకి పోయిన వేడి అంతా తిరిగిరాదు. ఆదాయం తక్కువ, ఖర్చు ఎక్కువ. సన్నటి పోగులో నిలవున్న వేడి ఎంత? నామమాత్రం. కింద నేలలో బోలెడంత వేడి ఉన్నా, పోగుల మధ్య నిలిచిపోయిన గాలి దానిని పైకి రానివ్వదు. అందువల్ల పోగుల కొసలు గాలికంటె కొన్ని డిగ్రీలు చల్లబడి, తుషారస్థానం కిందికి దిగిపోతాయి. వాటి మీద నీరు చేరుతుంది.

ఆ టర్ఫ్ పక్కనే ఉన్న సిమెంటు గట్టును తడిమి చూడండి. చాలాసార్లు అది పొడిగానే ఉంటుంది. మందంగా ఉంటుంది గనుక పగలు దాచుకున్న వేడిని రాత్రంతా కొద్దికొద్దిగా ఖర్చుపెడుతుంది. మబ్బు పట్టిన రాత్రి గాని, గాలి బాగా వీచిన రాత్రి గాని గడ్డి కూడా తడవదు. మబ్బు దుప్పటిలా వేడిని తిప్పిపంపుతుంది; గాలి పోగులను తన ఉష్ణోగ్రతకే పట్టి ఉంచుతుంది.

దీనిని వివరంగా పరిశీలించినవాడు విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు. లండనులో ఉండేవాడు. రాత్రిపూట తోటలో తూకం వేసిన ఉన్ని ఉండలు పెట్టి, పొద్దున్నే మళ్లీ తూచేవాడు. ఆరుబయట పెట్టిన ఉన్ని బరువెక్కేది. పైన ఏదైనా అడ్డు ఉన్నచోట పెట్టినది అంతగా బరువెక్కేది కాదు. 1814లో ఆయన దీనిమీద ఒక గ్రంథం ప్రచురించాడు.

వెల్స్ ప్రయోగాన్ని మీరు ఇంకా బాగా చెయ్యవచ్చు. ఆయన దగ్గర లేనిది మీకు దొరుకుతుంది: ప్లాస్టిక్ గడ్డి. పరిచేవాళ్ల దగ్గర తెగిపోయిన ముక్కలు పడి ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. జానెడు ముక్కలు రెండు తీసుకుని, బాగా ఆరనిచ్చి తూచండి. రాత్రి ఒకదాన్ని ఆరుబయట పెట్టండి. రెండోదాన్ని అదే వాకిట్లో మంచం కింద పెట్టండి. తెల్లవారి సూర్యుడు రాకముందే రెంటినీ తూచి రాసుకోండి. ఇట్లా ఒక పదిరోజులు, ఆ రాత్రి మబ్బుందా, గాలి వీచిందా అన్నది కూడా రాసుకుంటూ చేస్తే మీ దగ్గర మంచి పట్టిక తయారవుతుంది.

తడి అంటే ఎంత తడి? పరిచిన గడ్డి అంతటిమీదా నీటి పొర మందం మిల్లీమీటరులో పదో వంతే అనుకోండి. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు గల పెరట్లో అది ఆరు లీటర్లు. అంటే దాదాపు సగం బకెట్టు నీళ్లు ఎవరో రాత్రికి రాత్రి చిమ్మి పోయారన్నమాట.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. హాకీ మైదానాన్ని ఆటకు ముందు కావాలనే నీళ్లతో తడుపుతారు కదా, అక్కడ జారని కాళ్లు ఇక్కడెందుకు జారతాయి? హాకీ గడ్డి చాలా పొట్టిది, దట్టమైనది, ఇసుక లేనిది. ఆటగాళ్ల బూట్ల అడుగున చిన్నచిన్న బొడిపెలు ఎన్నో ఉంటాయి. బంతి నునుపుగా జారాలనీ, పడితే మోకాలు చెక్కుకుపోకూడదనీ అక్కడ ఘర్షణను తగ్గించుకుంటారు. మీరు అరిగిపోయిన చెప్పులతో, పొడుగు పోగులమీద పరుగెత్తుతారు. చెప్పుకూ పోగుకూ మధ్య నీటి పొర కందెనలా పనిచేస్తుంది. ఎండ వచ్చి పోగులు ఆరేదాకా ఆట మొదలుపెట్టకపోవటమే దీనికి మందు. మరీ తొందరైతే పొడవాటి కర్రకు గోనెసంచి కట్టి గడ్డిమీద ఒకసారి ఈడ్చితే చాలావరకు తడి పోతుంది.

చోటు ఎంచుకోవటంలో లెక్క

పెరట్లో ఎక్కడ పరచాలి? ఇంటికి ఉత్తరాన ఖాళీ స్థలం ఉంటే అక్కడే పరిచేస్తారు. ఎండాకాలంలో చూసి, "ఇక్కడ ఎండ బాగా తగులుతుంది" అనుకుంటారు కూడా. చలికాలంలో సంగతి వేరు.

హనుమకొండ అక్షాంశం సుమారు 18 డిగ్రీలు. జూన్ 21న సూర్యుడు ఇరవై మూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటాడు గనుక, మధ్యాహ్నం మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే కనిపిస్తాడు. డిసెంబరు 21న అంతే దక్షిణానికి పోతాడు. ఆరోజు మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణపు దిక్కు నుంచి 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నాలుగు మీటర్ల ఎత్తున్న ఇల్లు ఆ ఎండలో ఉత్తరానికి ఎంత నీడ పరుస్తుంది? త్రికోణమితి వచ్చినవాళ్లు చేసి చూడండి, సుమారు మూడున్నర మీటర్లు వస్తుంది. ఆరు మీటర్ల పెరడైతే సగానికిపైగా నీడలోనే! ఆ సగం మంచు తడి మధ్యాహ్నందాకా ఆరదు. వానాకాలంలో పట్టిన నాచు అక్కడ పోదు. పగలు చూస్తే ఏమీ కనిపించదు, కాలు పెడితే సర్రున జారుతుంది. కాబట్టి పరిచే ముందు డిసెంబరు నెలలో ఒకరోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ అంచున సుద్దగీతలు గీసి చూసుకోవటం మంచిది.

పునాది

పైన కనిపించేది పచ్చగడ్డి గాని, అసలు పనంతా కిందనే ఉంది. గడ్డి పరవటం ఒకరోజు పని. నేల తయారు చెయ్యటం మూడు నాలుగు రోజుల పని. ఇందులో తొందరపడ్డవాళ్లు వచ్చే జూన్‌లో బాధపడతారు.

ముందు పెరటి మట్టి ఏదో చూడాలి. మన జిల్లాలో ఎర్ర చెల్క ఉంది, నల్లరేగడీ ఉంది. నల్లరేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దానిమీద సూటిగా గడ్డి పరిస్తే ఏడాది తిరగకుండా నేల ఎగుడుదిగుడవుతుంది. అందుకని నల్లమట్టిని అడుగు లోతుదాకా తీసెయ్యటం మేలు. ఎర్రనేలైతే పదిహేను సెంటీమీటర్లు చాలు. తవ్విన గుంటలో పది సెంటీమీటర్ల మందాన కంకర పోసి దిమ్మిస చెయ్యాలి. దానిమీద మూడు సెంటీమీటర్లు రాతిపొడి పోసి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించాలి. "మొరం పోస్తే సరిపోదా, చవక కదా?" అంటారు కొందరు. మొరంలో బంకమట్టి కలిసి ఉంటుంది. గట్టిపడుతుంది, నిజమే, నీటిని మాత్రం దిగనివ్వదు.

కాకతీయుల శిల్పులు ఈ విషయంలో మనకంటె ముందే జాగ్రత్తపడ్డారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికీ, పాలంపేటలోని రామప్ప గుడికీ పునాది గుంటల్లో ఇసుక నింపి ఆ పైన రాతికట్టడం లేపారు. అంత బరువునూ ఇసుక నలువైపులా పంచుకుంటుంది. మన పెరటి గడ్డి బరువు ఆ గుడి ముందు లెక్కలోకి రాదనుకోండి!

నేలకు వాలు ఉండాలి. వంద సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు చాలు. ఆరు మీటర్ల వెడల్పులో ఒక అంచుకూ మరో అంచుకూ తేడా ఆరు సెంటీమీటర్లు. ఇంత చిన్న తేడాను కంటితో పట్టలేం. మేస్త్రీలు పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుని చూస్తారు. గొట్టం ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసల్లో నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివిన సూత్రం మీ ఇంటి ముందు మేస్త్రీ చేతిలో రోజూ పనిచేస్తూనే ఉంది.

కొందరు మన్నికగా ఉంటుందని అడుగున సిమెంటు పోయిస్తారు. ఇది నాకు నచ్చదు. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎన్ని నీటమునిగాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేలలోకి ఇంకే చోట్లు తగ్గినకొద్దీ నీళ్లు వీధిమీదికే వస్తాయి. కంకరమీద పరిచిన గడ్డి వాననీటిని కిందికి వదులుతుంది. సిమెంటుమీద పరిచినది వదలదు.

మేడమీద పరిచేవాళ్లు మరొక లెక్క చూసుకోవాలి. పది మీటర్లు, ఆరు మీటర్ల స్థలంలో ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన ఇసుక నింపితే 0.9 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు పొడి ఇసుక సుమారు 1600 కిలోలు. అంటే 1440 కిలోలు! తడిస్తే ఇంకా ఎక్కువ. దాని మీద గెంతే పదిమంది బరువు అదనం. ఇంజనీరును అడగకుండా ఈ పని చెయ్యకూడదు.

చలికాలంలో పరవటం

పరవటానికి మన ప్రాంతంలో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు ఉండవు, మనుషులు ఎండకు మాడిపోరు. అయితే ఒక చిక్కుంది.

పాలిథీన్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. ఒక మీటరు పొడవున్న పాలిథీన్ కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే మిల్లీమీటరులో సుమారు ఐదో వంతు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున మన దగ్గర 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, కొన్ని రోజుల్లో ఇంకా తక్కువ. మే నెల ఎండలో ప్లాస్టిక్ గడ్డి 65 డిగ్రీలు దాటవచ్చు. తేడా 50 డిగ్రీలు. పది మీటర్ల కడ్డీ అయితే 10 సెంటీమీటర్లు పెరగాలి. అదే ఉక్కు కడ్డీ అయితే ఆరు మిల్లీమీటర్లే! నిజానికి తివాచీ వట్టి కడ్డీ కాదు. వెనక నేతబట్ట ఉంది, పైన ఇసుక బరువు ఉంది. అవి ఇంత పెరగనివ్వవు. ఇసుక చేసే రెండో పని ఇదే. అది చాలినంత లేకపోతే మే నెలలో తివాచీ మధ్యమధ్య ఉబ్బి, అలలు లేస్తుంది. కాలు తట్టుకుంటుంది.

అందువల్ల చుట్టను పొద్దున్నే విప్పి, వెంటనే కత్తిరించి, బిగదీసి అంటించకూడదు. విప్పి, మధ్యాహ్నందాకా ఎండలో పడుకోబెట్టాలి. చలికి బిరుసెక్కిన తివాచీ మెత్తబడుతుంది. చుట్టలో పడ్డ మడతలు సర్దుకుంటాయి. చుట్టలన్నిటిలోనూ పోగులు ఒకే దిక్కుకు వాలేటట్టు చూసుకోవాలి. లేకుంటే ఒక పట్టీ ముదురుగా, ఒక పట్టీ లేతగా కనిపిస్తుంది. బంతి కూడా తిన్నగా పోదు.

రెండు చుట్టలు కలిసేచోట అడుగున పట్టీ వేసి జిగురు రాస్తారు. ఎక్కువగా వాడే పాలీయూరిథేన్ జిగురు గాలిలోని తేమను తీసుకునే గట్టిపడుతుంది. అయితే మంచుకు తడిసిన తివాచీ వెనుక రాస్తే, తేమ మరీ ఎక్కువై నురుగులా పొంగి, పట్టు వదిలేస్తుంది. కాబట్టి జిగురు పని ఉదయం పది గంటల తరువాతనే. సాయంత్రం నాలుగింటికి ముగించెయ్యాలి. అతుకుమీద ఇసుక బస్తాలు పెట్టి ఆ రాత్రి అట్లాగే ఉంచాలి.

ఇసుక నింపటానికీ ఇదే నియమం. కడిగి ఆరబెట్టిన గుండ్రటి రేణువుల ఇసుక కావాలి. పునాదికి వాడిన రాతిపొడి ఇక్కడ పనికిరాదు. దాని అంచులు పదునుగా ఉండి పోగులను కోస్తాయి, సన్నటి పొడి చిల్లులను మూసేస్తుంది. ఇసుక తడిగా ఉంటే రేణువుల మధ్య నీరు తలతన్యత వల్ల వంతెనలు కడుతుంది. మీరు ఆడుకునే ఇసుకగూడు నిలబడేది దానివల్లనే. అట్లాంటి ఇసుక ముద్దలుగా పైనే ఉండిపోతుంది గాని పోగుల మొదళ్లకు దిగదు. ఒకేసారి కుమ్మరించకుండా, కొంచెం కొంచెం చల్లి చీపురుతో అటూ ఇటూ ఊడుస్తూ మూడు నాలుగు విడతల్లో నింపాలి. ఇసుక బదులు పాత టైర్ల రబ్బరు గుళికలు పోసేవాళ్లున్నారు. ఇంటికి అవి వద్దు. చెప్పులతో, వాననీటితో అవి పెరడు దాటిపోతాయి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం అక్కడ 2031 నుంచి అట్లాంటి గుళికల అమ్మకమే ఆగిపోతుంది.

చలికాలపు సంరక్షణ

నవంబరు తరువాత మనకు వానలు పెద్దగా లేవు. వాన కడగని దుమ్మంతా గడ్డిలో దిగుతుంది. పెరట్లో టేకుచెట్టు ఉంటే దాని ఆకులు, ఫిబ్రవరి మార్చి నెలల్లో వేప, రావి ఆకులు రాలి నలిగి పొడై ఇసుకలో కలుస్తాయి. నిజమైన పచ్చికలో అయితే వానపాములూ, సూక్ష్మజీవులూ ఆకును ఎరువుగా మార్చి నేలకు ఇచ్చేస్తాయి. ప్లాస్టిక్ గడ్డికి అట్లాంటి పనివాళ్లు లేరు. ఆ పని మీరే చెయ్యాలి. వారానికొకసారి, మంచు ఆరిన తరువాత, పోగులు వాలిన దిక్కుకు ఎదురుగా ఈనెల చీపురుతో గాని నైలాను బ్రష్షుతో గాని ఊడవాలి. ఇనుపతీగల బ్రష్షు తగలనివ్వకూడదు.

పొడి మధ్యాహ్నాల్లో దానిమీద నడిచి ఇనుప గేటు పట్టుకుంటే చిటుక్కుమని చిన్న దెబ్బ తగలవచ్చు. భయపడకండి, అది స్థిర విద్యుత్తు. కాస్త నీళ్లు చిలకరిస్తే పోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది నిప్పు. ఈ పాలిథీన్ 110 నుంచి 125 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. కణకణలాడే బొగ్గు వేడి ఆరేడు వందల డిగ్రీలు! కార్తీకమాసంలో దీపాలు, ఆ తరువాత చలిమంటలు, సంక్రాంతికి భోగిమంట. మన చలికాలమంతా నిప్పుతోనే నడుస్తుంది. ఒక్క నిప్పురవ్వ పడితే నాణెమంత మేర పోగులు కరిగి గట్టి ముద్ద అవుతుంది, మళ్లీ చిగురించదు. భోగిమంట వేసే చోటు గడ్డికి దూరంగా, గాలి వీచే దిక్కు చూసుకుని ఎంచుకోవాలి. పాత టైర్లు, ప్లాస్టిక్కు అందులో వెయ్యకూడదని వేరే చెప్పాలా? మిగిలిపోయిన గడ్డి ముక్కలు కూడా అంతే.

మరకలకు సబ్బునీళ్లు చాలు. కిరసనాయిలు, పెట్రోలు వాడితే వెనకనున్న జిగురు పాడవుతుంది.

నెలకొకసారి ఉక్కు స్కేలు తీసుకుని ఇసుక లోతు కొలవండి. బ్యాట్స్‌మన్ నిలబడే చోట, బౌలరు కాలు పడే చోట తరిగిపోయి ఉంటుంది. అక్కడ మళ్లీ నింపాలి. ఫిబ్రవరి చివర ఇంకొక పరీక్ష చెయ్యండి. రెండువైపులా తెరిచిన పెద్ద డబ్బాను గడ్డిమీద గట్టిగా నొక్కి పట్టి, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్లు పోసి, ఇంకటానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడండి. గడ్డి పరిచిన కొత్తలో ఇదే కొలత రాసుకుని ఉంటే, దుమ్ము ఎంత పేరుకుపోయిందో అంకెల్లో తెలిసిపోతుంది. జూన్ వానలు రాకముందే తెలుసుకోవటం మంచిది కదా.

మంచు గడ్డకట్టే దేశాల్లో ఉన్న మీ బంధువులు వేరే జాగ్రత్తలు తీసుకోవాలి. అక్కడ హిమాన్ని ఇనుప పారతో గీకకూడదు, దానంతట అది కరిగేదాకా ఆగటమే మంచిది. గడ్డకట్టిన పోగును వంచితే విరగవచ్చు. మన హనుమకొండకు ఆ బెడద లేదు.

అసలు పరుచుకోవాలా?

మన బెడద ఎండాకాలం. నిజమైన గడ్డి తన ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి ఆకునుంచే పోతుంది గనుక మే నెలలోనూ పచ్చిక మీద వట్టికాళ్లతో నడవగలం. ప్లాస్టిక్ పోగు దగ్గర ఆ ఉపాయం లేదు. 65 డిగ్రీల గడ్డిమీద పసిపిల్ల పాదం పెడితే బొబ్బలెక్కుతుంది. నీళ్లు చల్లితే కొద్దిసేపు చల్లబడి, ఆరగానే మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఎనిమిది పదేళ్లకు పోగులు పెళుసెక్కి రాలిపోతాయి. అప్పుడు ఇసుకతో కలిసిన ఆ తివాచీని ఎక్కడ పడెయ్యాలి? దీనికి మన ఊళ్లలో ఇంకా మంచి జవాబు లేదు.

గడ్డి బతకని మేడమీద, రోజంతా వందలమంది తొక్కే చోట ప్లాస్టిక్ గడ్డి పరిస్తే అర్థముంది. మట్టి ఉండి, ఎండ తగిలే పెరడు ఉన్నవాళ్లు ముందు గరికను ప్రయత్నించి చూడాలని నా అభిప్రాయం. వినాయకచవితి పూజకు కోసుకొచ్చే గరికే! ప్రపంచమంతటా వేడిదేశాల్లోని ఫుట్‌బాల్, గోల్ఫ్, క్రికెట్ మైదానాల్లో బెర్ముడా గడ్డి పేరుతో పెంచేది ఈ జాతినే. చలికాలంలో దాని ఎదుగుదల మందగిస్తుంది, కొంచెం గోధుమరంగు తిరుగుతుంది, మంచుకు అదీ తడుస్తుంది. తొక్కినచోట మాత్రం మళ్లీ చిగురిస్తుంది. తొలకరి పడగానే పొలంగట్టున దొరికే గరిక కాడలను కణుపులతో సహా తెచ్చి, జానెడేసి దూరాన నాటి, రెండు వారాలు తడి ఆరకుండా చూసుకుంటే చాలు. దసరా సెలవులకు దానిమీద ఆడుకోవచ్చు.